అమ్మో నాన్నో జైలులో ఉన్నప్పుడు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో ఎక్కువ భాగం బెయిల్ గురించి, పెరోల్ గురించి, శిక్ష తగ్గింపు గురించి ఉంటాయి. పిల్లల ప్రస్తావన ఉత్తరం చివర, సంతకానికి ముందు, ఒకటి రెండు వాక్యాలలో ముగిసిపోతుంది. ఈసారి ఆ చివరి వాక్యాలనే ప్రశ్నలుగా తీసుకున్నాను. జైళ్ల శాఖలో సంక్షేమాధికారిణిగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కనుక చట్టం చెప్పేదానితో పాటు ములాఖత్ గదిలో, అంటే ఖైదీని ఇంటివాళ్లు కలిసే చోట, నా కళ్లతో చూసినవి కూడా కొన్ని రాస్తున్నాను. ఉత్తరాలు రాసినవారిని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాము.

ప్రశ్న: మా అబ్బాయికి హత్య కేసులో జీవిత ఖైదు పడి మూడేళ్లయింది. రాజమహేంద్రవరం సెంట్రల్ జైలులో ఉన్నాడు. కోడలు పనికి వెళ్తుంది కనుక మనవడిని నేనే చూసుకుంటున్నాను. వాడికి ఏడేళ్లు. నాన్న కువైట్ వెళ్లాడని చెప్పాము. మా వీధిలో నిజంగా కువైట్ వెళ్లినవాళ్లు రోజూ పిల్లలతో వీడియో కాల్ మాట్లాడుతుంటే, మా నాన్న ఎందుకు చేయడని వీడు అడుగుతున్నాడు. నిజం చెబితే పసి మనసు విరిగిపోతుందని భయంగా ఉంది. ఏం చేయమంటారు?
(ఒక నాయనమ్మ, కోనసీమ)

సమాధానం: అమ్మా, కువైట్ కథ చెప్పింది మీరొక్కరే కాదు. గోదావరి జిల్లాల్లోనూ కడప వైపునా గల్ఫ్‌కు వెళ్లడం ఇంటింటి విషయం కనుక, మగమనిషి ఉన్నట్టుండి కనబడకుండా పోతే ఇంట్లోవాళ్లకు ముందుగా తట్టే అబద్ధం అదే. పిల్లవాడిని కాపాడాలనే చెబుతారు. అయితే మీ మనవడు ఇప్పటికే ఆ కథను వీధిలోని నిజంతో పోల్చి చూసుకుంటున్నాడు. కువైట్‌లో ఉన్న నాన్నలందరూ ఫోన్ చేస్తుంటే తన నాన్న ఒక్కడే చేయడం లేదంటే, ఏడేళ్ల పిల్లవాడి లెక్క ప్రకారం దానికి ఒకటే అర్థం: నాన్నకు నేనంటే ఇష్టం లేదు. జైలు అన్న మాట కంటే ఈ అర్థమే వాడికి ఎక్కువ చెరుపు చేస్తుంది.

ఒక సంఘటన చెబుతాను. దాదాపు ఇదే వయసు బాబును తాతగారు మొదటిసారి ములాఖత్‌కు తీసుకువచ్చారు. అప్పటివరకు దుబాయ్ అని చెప్పి, ఆ ముందు రోజే నిజం చెప్పారట. బాబు ఏడుస్తాడేమోనని మేమంతా చూస్తున్నాము. వాడు జాలీకి ఇవతల నిలబడి తండ్రిని చూసి, తాతగారి చొక్కా పట్టుకుని లాగి, "తాతా, నాన్న ఇంత దగ్గరలోనే ఉన్నాడా?" అని అడిగాడు. ఒక్క బస్సు ఎక్కితే వచ్చే దూరం. ఆ మాటలో కోపం ఉందో ఊరట ఉందో నేను చెప్పలేను కానీ, తాతగారు మాత్రం తలెత్తలేకపోయారు.

నిజం తల్లి చెబితే మంచిది, మీరు పక్కన ఉండండి. మీ అబ్బాయికి ముందే కబురు చేయండి, ఎందుకంటే పిల్లవాడు తరువాత తండ్రిని అడిగినప్పుడు అదే మాట అక్కడా వినబడాలి. రాత్రి పడుకునే ముందు కాకుండా, పరీక్షల రోజుల్లో కాకుండా, సెలవు రోజు పొద్దున్న చెప్పండి. మాటలు చాలా అక్కరలేదు. నాన్న ఒక పెద్ద తప్పు చేశాడని కోర్టు తీర్పు చెప్పింది, అందుకని చాలా ఏళ్లు జైలు అనే చోట ఉండాలి, అక్కడ అన్నం తింటాడు, పని చేస్తాడు, పడుకుంటాడు, నిన్ను మరచిపోలేదు, ఇది నీ వల్ల జరగలేదు. ఈ చివరి ముక్క మాత్రం ఒకసారి చెప్పి ఊరుకోకండి. ఆ వయసు పిల్లలు తాము అల్లరి చేసినందుకే నాన్న వెళ్లిపోయాడని లోలోపల అనుకుంటారు, పైకి చెప్పరు. కువైట్ అని ఎందుకు చెప్పారని అడిగితే, నువ్వు బాధపడతావని భయపడ్డాము, అలా చెప్పడం మా తప్పు అని ఒప్పుకోండి. హత్య వివరాలు ఇప్పుడు అవసరం లేదు. అడిగినంత వరకే, అడిగినప్పుడే.

రెండు మాటలు మాత్రం ఇంట్లో వినబడకూడదు. అల్లరి చేస్తే పోలీసు పట్టుకుపోతాడు అనే బెదిరింపు మన ఇళ్లలో ఉగ్గుపాలతో పోసేదే అయినా, మీ ఇంట్లో దానికి అర్థం వేరు. రెండవది, వచ్చే సంక్రాంతికి నాన్న వచ్చేస్తాడన్న మాట. జీవిత ఖైదులో విడుదల తేదీ మీ చేతిలో గానీ మీ అబ్బాయి చేతిలో గానీ లేదు.

పిల్లవాడికి నిజం చెప్పడం వేరు, ఊరందరికీ చెప్పడం వేరు. బడిలో ఎవరైనా అడిగితే "నాన్న ఊళ్లో లేడు, ఆ సంగతి నేను మాట్లాడను" అనవచ్చని నేర్పండి. అది అబద్ధం కాదు. ఐక్యరాజ్య సమితి 1989లో ఆమోదించగా మన దేశం 1992లో అంగీకరించిన బాలల హక్కుల ఒడంబడిక 9వ అధికరణం కూడా, ప్రభుత్వమే తల్లినో తండ్రినో నిర్బంధించి బిడ్డకు దూరం చేసినప్పుడు వారు ఎక్కడున్నారో తెలుసుకునే హక్కును, వారితో తరచుగా కలిసే హక్కును బిడ్డకు ఇచ్చింది. ములాఖత్ ఖైదీకి ఇచ్చే బహుమానమని మా శాఖలోనే చాలామంది అనుకునేవారు. బిడ్డ వైపు నుంచి చూస్తే అది బిడ్డకు రావలసినది.

ప్రశ్న: నా భర్త రెండు నెలలుగా చంచల్‌గూడ జైలులో రిమాండ్‌లో ఉన్నారు. పాపకు పదేళ్లు, బాబుకు నాలుగేళ్లు. జైలుకు పిల్లలను తీసుకువెళ్లకూడదని మా అత్తగారు అంటున్నారు. వాయిదా రోజు కోర్టు దగ్గర చూపించమంటున్నారు. ఏది మంచిది?
(ఒక గృహిణి, హైదరాబాద్)

సమాధానం: నా ఓటు ములాఖత్‌కే. కోర్టు వరండాలో అయితే చేతికి చెయ్యి తగులుతుందని చాలా కుటుంబాలు అటే మొగ్గు చూపుతాయి. కానీ ఎస్కార్ట్ పోలీసుల మధ్య, వకీలు తొందరపెడుతుండగా, తండ్రి ఒక కన్ను హాలు లోపల పెట్టుకుని మాట్లాడే ఆ రెండు నిమిషాలు పిల్లలకు కలిసినట్టూ కాదు, కలవనట్టూ కాదు. పైగా రిమాండ్ పొడిగింపు వీడియో ద్వారా జరిగితే ఆయనను అసలు తీసుకురారు. రోజంతా ఎదురుచూసి వట్టి చేతులతో తిరిగి వచ్చే పిల్లలను నేను చాలామందిని చూశాను.

బయలుదేరే ముందు జైలు ఆఫీసుకు ఫోన్ చేసి ములాఖత్ రోజు, వేళ రూఢి చేసుకోండి. రిమాండ్ ఖైదీకి, శిక్ష పడిన ఖైదీకి ములాఖత్‌ల సంఖ్య ఒకటి కాదు. మీ ఆధార్, పిల్లల ఆధార్ పెట్టుకోండి. వరుసలో చాలాసేపు ఉండవలసి వస్తుంది కనుక మంచినీళ్లు, బాబుకు తినడానికి ఏదైనా ఉంచుకోండి. ఇంటి వంట లోపలికి పంపాలని కష్టపడి వండుకు వెళ్లవద్దు, గేటు దగ్గర ఆపేస్తారు. పిల్లలకు ముందు రోజే అక్కడ ఏముంటుందో చెప్పండి: తనిఖీ చేస్తారు, గేట్లు పెద్దవిగా ఉంటాయి, నాన్న జాలీకో అద్దానికో అవతల ఉంటాడు, ఎత్తుకోలేడు. ముందు తెలిస్తే సగం భయం తగ్గుతుంది.

మొదటి అయిదు నిమిషాలు పిల్లలకు ఇవ్వండి. ఇది నేను ఎంతమందికి చెప్పినా పాటించినవారు తక్కువ. లోపలికి వెళ్లగానే వకీలు ఫీజు, జామీనుదారులు, అప్పులు మొదలవుతాయి. బాబును ఎత్తి చూపించేసరికి గంట కొడతారు. డబ్బు సంగతులు తరువాత మాట్లాడుకోండి, లేదా ఈ-ములాఖత్‌లో మాట్లాడుకోండి. జాతీయ జైళ్ల సమాచార పోర్టల్‌లో మీ వివరాలు నమోదు చేసి వేళ కోరితే, జైలు అధికారులు ఆమోదించాక వీడియోలో కలిసే వీలు ఉంటుంది. పాప చేత "నాన్నా, మామయ్య డబ్బు ఇవ్వనన్నాడు" లాంటి కబుర్లు మోయించకండి. పదేళ్ల పిల్ల ఆ మాట చెప్పి, తండ్రి ముఖం మారడం చూసి, ఆ బాధంతా తనదేననుకుంటుంది.

చిన్నపిల్లలు వచ్చినప్పుడు జాలీ లేకుండా, సిబ్బంది చూస్తుండగా, బల్ల దగ్గర కలిసే వీలు ఇవ్వమని సూపరింటెండెంట్‌కు రాతపూర్వకంగా అడగండి. మహిళా ఖైదీల గురించి ఐక్యరాజ్య సమితి 2010లో ఆమోదించిన బ్యాంకాక్ నియమాలలో, తల్లీబిడ్డలు ఒకరినొకరు తాకగలిగేలా కలయిక ఉండాలని స్పష్టంగా ఉంది. అది తల్లుల కోసం రాసిన నియమమే అయినా నాలుగేళ్ల బాబుకు తండ్రి చెయ్యి కూడా చెయ్యే. అడిగిన ప్రతిసారీ ఇవ్వరు. అడగకపోతే ఎన్నడూ ఇవ్వరు.

ఇంటికి వచ్చాక బాబు పక్క తడపవచ్చు, పాప రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. "చూశావా, తీసుకువెళ్లడం వల్లే" అని మీ అత్తగారు అంటారు. అది కలిసినందువల్ల వచ్చిన జబ్బు కాదు, విడిపోయినందువల్ల వచ్చిన దిగులు. కలిసిన రోజు బయటపడింది, అంతే.

ప్రశ్న: నా చెల్లెలు రిమాండ్ ఖైదీగా మహిళా జైలులో ఉంది. నాలుగున్నరేళ్ల కొడుకు కూడా ఆమెతో లోపలే ఉన్నాడు. ఆరేళ్లు నిండితే వాడిని అనాథాశ్రమంలో వేసేస్తారని ఎవరో చెప్పారు. నిజమేనా? మేము తెచ్చుకుందామంటే మా ఇంట్లో ఇప్పటికే ఇద్దరు పిల్లలు.
(ఒక అన్న, కడప)

సమాధానం: తల్లితో పాటు జైలులో ఉండే పిల్లల గురించి మన దేశంలో ఈనాటికీ ఆధారమైన తీర్పు ఆర్.డి. ఉపాధ్యాయ్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న ఇచ్చింది. మన రాష్ట్రం పేరు మీద ఉన్న ఈ తీర్పు గురించి మనవాళ్లకే తక్కువ తెలుసు.

దాని ప్రకారం తల్లి దగ్గర బిడ్డ ఆరేళ్ల వరకు ఉండవచ్చు. ఆ బిడ్డను ఖైదీగా చూడకూడదు. తిండి, బట్ట, వైద్యం, చదువు, ఆటపాటలు హక్కుగా అందాలి. మూడేళ్ల లోపు వారికి క్రెష్, ఆపైన ఆరేళ్ల వరకు నర్సరీ ఉండాలి, వీలైతే వాటిని జైలు ఆవరణ బయటే నడపాలి. పసిపిల్లలను ఉంచే సదుపాయం లేని సబ్ జైళ్లలో బిడ్డ తల్లులను పెట్టకూడదు. జైలులో ఉండగా కాన్పు అయితే జనన ధ్రువపత్రంలో పుట్టిన చోటుగా జైలు పేరు రాయకూడదు, ఆ ప్రాంతం చిరునామా మాత్రమే రాయాలి.

ఇక మీ ప్రశ్న. ఆరేళ్లు నిండాక బిడ్డను తల్లి కోరిన తగిన వ్యక్తికి అప్పగించాలి. అటువంటివారు లేకపోతేనే సంక్షేమ శాఖ నడిపే సంస్థకు పంపాలి. ఆ సంస్థ కూడా సాధ్యమైనంత వరకు జైలు ఉన్న ఊళ్లోనే ఉండాలి, వారానికి ఒక్కసారైనా బిడ్డను తల్లి దగ్గరకు తీసుకురావాలి. కాబట్టి వేసేస్తారు అన్న మాట సరి కాదు. నిర్ణయంలో మొదటి మాట మీ చెల్లెలిది. ఇప్పుడు ఈ వ్యవహారం, సంరక్షణ అవసరమైన పిల్లల గురించి నిర్ణయించే జిల్లా స్థాయి బాలల సంక్షేమ సమితి ద్వారా నడుస్తుంది కనుక ఆమె తన కోరికను జైలు సూపరింటెండెంట్‌కు, సమితికి ముందుగానే రాసి ఇవ్వాలి.

మీరు మాత్రం ఆరవ పుట్టినరోజు వరకు ఆగవద్దు. జైలులోనే పెరిగిన పిల్లలు కోర్టుకు వెళ్లే దారిలో రోడ్డు మీద జంతువులను చూసి బెదిరిపోతారని, ఆడవాళ్ల మధ్యే పెరిగిన మగపిల్లలు ఆడపిల్లల్లా క్రియలు వాడి మాట్లాడతారని ఆ తీర్పులో ఉంది. రెండవది హిందీ మాట్లాడే జైళ్ల సంగతి. మన తెలుగులో వచ్చాను, తిన్నాను అన్న మాటకు ఆడా మగా తేడా లేదు కనుక మన జైళ్లలో అది చెవికి తెలియదు. మొదటిది మాత్రం నేను చూశాను. బయటి వైద్యానికి తీసుకువెళ్లిన ఒక పాప సాయంత్రం తిరిగి వచ్చి, తల్లికి బర్రెను వర్ణించడానికి నేల మీద బొగ్గుతో గీసి చూపించింది. కొమ్ములు ముందు గీసింది.

అందుకని ఇప్పటి నుంచే అనుమతి తీసుకుని బాబును నెలకు ఒకటి రెండు రోజులు మీ ఇంటికి తెచ్చి తిరిగి దింపండి. మీ పిల్లలతో కలిసి అన్నం తిననివ్వండి. చీకటిలో దీపాలు లేని గది, గోడ లేని పొలం, పిలిస్తే పరిగెత్తుకొచ్చే కుక్క, ఇవన్నీ వాడికి కొత్త. రాకపోకలు అలవాటైతే, ఆరేళ్లు నిండిన రోజున వాడు తల్లిని వదిలి పోవడం లేదు, తెలిసిన ఇంటికి వస్తున్నాడు. మీ ఇంటికి వచ్చాక ములాఖత్ తప్పనివ్వకండి. మిమ్మల్ని నాన్న అని పిలిచినా సరే, ఆమెను అమ్మ అనే పిలవనివ్వండి, అత్త అని నేర్పకండి. ఖర్చు భారమైతే మిషన్ వాత్సల్య అనే కేంద్ర ప్రభుత్వ బాలల సంరక్షణ పథకం కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. కుటుంబ ఆదాయ పరిమితికి లోబడి, బిడ్డ పరిస్థితిని చూసి మంజూరు చేస్తారు. జిల్లా బాలల సంరక్షణ విభాగంలో దరఖాస్తు పెట్టండి.

అన్నిటికంటే ముందు ఆమె బెయిల్ సంగతి చూడండి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 480వ సెక్షన్, బెయిల్ ఇవ్వకూడని తీవ్రమైన నేరాలలో కూడా మహిళ అన్న కారణం మీద బెయిల్ ఇచ్చే వీలు కోర్టుకు కల్పించింది. 479వ సెక్షన్ ప్రకారం మొదటిసారి కేసులో పడినవారు, ఆ నేరానికి వేయదగిన గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం విచారణలోనే గడిపితే విడుదలకు అర్హులు. మరణశిక్ష, జీవిత ఖైదు పడే నేరాలకు, ఒకటి కంటే ఎక్కువ కేసులు నడుస్తున్నవారికి ఇది వర్తించదు. మహిళ కనుక, నిర్బంధంలో ఉన్నది కనుక ఆదాయంతో పని లేకుండా ఆమెకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ప్రశ్న: నేను పాడేరు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో ఉపాధ్యాయినిని. నాలుగో తరగతి పాప తల్లి గంజాయి కేసులో విశాఖపట్నం జైలులో ఉంది. తండ్రి లేడు. తల్లికి చదువు రాదు. పాపను తోటి పిల్లలు గంజాయి అని పిలుస్తున్నారు. బడి తరఫున ఏం చేయగలం?
(ఒక ఉపాధ్యాయిని)

సమాధానం: ముందుగా ఆ పిలుపు ఆపించండి. అయితే పాపను పక్కన నిలబెట్టి తరగతికి నీతి బోధ చేయకండి, అది రెండో శిక్ష అవుతుంది. పిలిచినవారిని ఒక్కొక్కరిని విడిగా పిలిచి మాట్లాడండి.

ఏజెన్సీలో మూట మోసినందుకు పట్టుబడే ఆడవాళ్ల కేసులు తొందరగా తేలవు. గంజాయి 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కిందకు వస్తుంది, అప్పుడు మాదకద్రవ్యాల చట్టం 37వ సెక్షన్ అడ్డు తగిలి బెయిల్ దొరకడం చాలా కష్టం. మూట ఎవరిదో వాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఈ పాప తల్లి కేసు కూడా అలాంటిదైతే, పాప అయిదు, ఆరు తరగతులు దాటేవరకు సాగవచ్చని అనుకునే ఏర్పాట్లు చేసుకోండి.

తల్లికి చదువు రాకపోవడం అడ్డంకి కాదు. పాప వేసిన బొమ్మ, మీరు ఎర్ర సిరాతో బాగుంది అని రాసిన లెక్కల కాగితం, చేతిని కాగితం మీద పెట్టి చుట్టూ గీసిన గీత, ఇవన్నీ ఉత్తరాలే. ఒక తల్లి అలాంటి చేతి గీత మీద తన చెయ్యి పెట్టి చూసుకోవడం నాకు బాగా గుర్తు. రెండు నెలల తరువాత మరొక గీత వచ్చింది. వేళ్లు పెరిగాయని బ్యారక్ అంతా తిరిగి చూపించింది. నెలకు ఒకసారి జైలు సూపరింటెండెంట్ చిరునామాకు, తల్లి పేరు రాసి, ఇలాంటిది ఒకటి పంపండి. లోపల చదివి వినిపించేవారు ఉంటారు. సిగ్నల్ అందే చోట మీ ఫోన్ నుంచి ఈ-ములాఖత్ పెట్టించవచ్చు. ఘాట్ దిగి వెళ్లే పని ఎప్పుడైనా ఉంటే, సంరక్షకుల అనుమతితో పాపను వెంట తీసుకువెళ్లండి. తల్లి అడిగితే ఆమె మాట్లాడే భాషలోనే మాట్లాడనివ్వండి, తెలుగులోనే మాట్లాడమని పాపను సరిదిద్దకండి.

సెలవులకు పాప ఎక్కడికి వెళ్తుందన్నది అసలు ప్రశ్న. అమ్మమ్మ ఇల్లు సరైనదో కాదో జిల్లా బాలల సంరక్షణ విభాగం వారిని చూడమనండి. ఆపద అనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఖైదీలు ఉండగా, 1,537 మంది తల్లులతో పాటు 1,764 మంది పిల్లలు లోపల ఉన్నారు. లోపలి పిల్లలను ఒక్కొక్కరిగా లెక్కపెట్టిన ఆ నివేదికలో, మీ పాప లాగా బయట మిగిలిన పిల్లలకు గడి లేదు. మీ హాజరు పట్టీలోనూ ఉండదు. మీరు గమనించారు కనుక ఈ పాప కనబడింది.

ప్రశ్న: మా అల్లుడు మా అమ్మాయిని చంపిన కేసులో జైలులో ఉన్నాడు. ఇద్దరు పిల్లలు మా దగ్గర ఉన్నారు. పిల్లలను తీసుకురమ్మని ఉత్తరాలు రాస్తున్నాడు. తండ్రీబిడ్డల బంధం తెంచకూడదని మీరు అంటారేమో. మా వల్ల కాదు.
(ఒక తాత, కరీంనగర్)

సమాధానం: అయ్యా, అనను. బంధం నిలబెట్టమని చెప్పేది బిడ్డ మేలు కోసం, తండ్రి ఊరట కోసం కాదు. తల్లిని పోగొట్టుకున్న పిల్లలను, పోగొట్టినవాడన్న అభియోగం ఉన్న మనిషి ముందు నిలబెట్టే బాధ్యత మీకు ఎవరూ పెట్టలేదు. పిల్లలు ఆ రాత్రి చూసినవారై, సాక్షులుగా ఉంటే, అతను వారిని సంప్రదించడమే తప్పు. ఉత్తరాల సంగతి వెంటనే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌కు చెప్పండి. ఏనాటికైనా అతను కోర్టుకు వెళ్లినా, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు చూసేది పిల్లల క్షేమమే. ఆ చట్టం కిందే మీరు గార్డియన్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకుంటే బడికి, బ్యాంకుకు కూడా ఇబ్బంది ఉండదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద బాధిత పరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పిల్లల తరఫున దరఖాస్తు పెట్టవచ్చు. పిల్లలకు నిద్ర పట్టకపోయినా, ఉలికిపడుతున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు.

ఒక్క మనవి. ఆ ఉత్తరాలు చింపకండి. తెరవకుండానో తెరిచో, ఒక పెట్టెలో పెట్టి తాళం వేయండి. పిల్లలు పెద్దయ్యాక అడగవచ్చు, అడగకపోవచ్చు. చదవాలో తగలబెట్టాలో అప్పుడు వారే తేల్చుకుంటారు.

ప్రశ్న: నేను శిక్ష అనుభవిస్తున్న ఖైదీని. ఏడేళ్లయింది. నా కూతురికి పద్నాలుగేళ్లు. మొదట్లో ప్రతి ములాఖత్‌కూ వచ్చేది. ఏడాదిగా రావడం లేదు. వాళ్ల అమ్మను అడిగితే చదువు అంటుంది. నన్ను మరచిపోయిందా?
(సూపరింటెండెంట్ ద్వారా అందిన ఉత్తరం)

సమాధానం: బాబూ, పద్నాలుగేళ్ల పిల్ల ఇంట్లో ఉన్న తండ్రికే దూరంగా కూర్చుంటుంది. దానికి తోడు గేటు దగ్గర తనిఖీ, వరుసలో మగవాళ్ల చూపులు, తెలిసినవాళ్లు చూస్తారేమోనన్న భయం. చిన్నప్పుడు ఆమెకు ఇవేవీ కనబడలేదు, ఇప్పుడు కనబడుతున్నాయి. రాకపోవడాన్ని మరచిపోవడంగా లెక్కవేయకండి. ఎందుకు తీసుకురాలేదని మీ భార్యను నిలదీయకండి. ఆమె ఇంటికి వెళ్లి అదే కోపం పిల్ల మీద చూపుతుంది.

మీకు మంచి నడవడి రికార్డు ఉంటే ఓపెన్ ఎయిర్ జైలుకు మార్చమని అడగండి. అనంతపురంలోనూ చర్లపల్లిలోనూ ఉన్న వ్యవసాయ క్షేత్రాల వంటి చోట్ల జాలీ, గోడ ఇంతగా అడ్డు రావు. పెరోల్‌కు అర్హత వచ్చి ఉంటే, ఆమె సెలవుల్లో పడేలా తేదీలు కోరండి. పరీక్షల ముందు వద్దు. జైలులో మీరు చేసే పనికి వచ్చే కూలి నుంచి కొంత ఇంటికి పంపవచ్చు. అందులో ఎంతో కొంత ఆమె నోటు పుస్తకాలకు అని చెప్పి పంపండి, ఏ నెల ఎంత పంపారో ఆమెకు తెలియనివ్వండి.

మిగిలినది ఉత్తరం. నేను తనిఖీ కోసం వేల ఉత్తరాలు చదివాను. తండ్రులు రాసేవాటిలో సగం "నువ్వు రావడం లేదు, నేను చచ్చిపోతాను" అనే రకం, మిగతా సగం "బాగా చదువుకో, అమ్మ మాట విను" అనే రకం. మొదటి దానికి పిల్లలు భయపడతారు, రెండో దాన్ని సగంలో మడిచేస్తారు. వాటికి బదులు మీ రోజు రాయండి. మగ్గం మీద ఉంటే ఆ వారం ఎన్ని దుప్పట్లు నేశారో, బేకరీలో ఉంటే మొదటిసారి మాడ్చిన బన్నుల సంగతి, బ్యారక్ కిటికీలో గూడు పెట్టిన పావురం గుడ్లు పొదిగిందో లేదో రాయండి. మీరు పద్నాలుగేళ్లప్పుడు ఏ లెక్కలో తప్పారో రాయండి. ఆమెను ఒక్క ప్రశ్న అడగండి, అది కూడా ఒక్క మాటలో జవాబు వచ్చేది: కొత్త సైన్స్ టీచర్ మంచివారా, కాదా. జవాబు రాయమని మాత్రం రాయకండి, ములాఖత్ మాట అసలు ఎత్తకండి.

నెలకు ఒకటి చాలు. జవాబు రాని నెల కూడా రాయండి. పైన తేదీ వేయండి. ఎప్పుడో ఒకప్పుడు ఆమె వాటిని వరుసగా పేర్చుకోవాలనుకోవచ్చు.